నీడపట్టు విస్తీర్ణం

పొద్దున విమానాలు ఒకదాని వెనుక ఒకటి లేచిపోయే వేళకు, శంషాబాద్ పక్కన ఉన్న ఆ ఇంట్లో అందరి పళ్లూ తోమడం పూర్తవుతుంది. సొంతంగా తోముకోగలిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్ల గదవ పట్టుకుని శోభ, లింగమ్మ, ఇద్దరు ఆయాలు తోముతారు. తర్వాత ఉప్మా. ఉప్మా తర్వాత అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరతారు. ఒక చెంచా, ఒక ఫోర్కు, ఒక కాగితపు రుమాలు కలిపి చుట్టి సన్నటి కవర్లో దూర్చాలి. విమానాల్లో భోజనం పళ్లెం మీద పెట్టే పొట్లాలవి. చివరికి అవన్నీ శివశంకర్ చేతికి వస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆ కుర్రవాడు ప్రతి పొట్లాన్నీ వెలుతురుకు పట్టి చూసి, "టేకాఫ్" అని డబ్బాలో వేస్తాడు. వాడు టేకాఫ్ అనకపోతే దాన్ని విప్పి మళ్లీ చుట్టాల్సిందే.

నిజానికి ఆ పొట్లాలు ఇంకా ఏ విమానమూ ఎక్కలేదు. నమూనా కోసం ఇచ్చిన సరుకునే చుట్టి, విప్పి, మళ్లీ చుట్టిస్తోంది శోభ, చేయి అలవాటు తప్పకూడదని. విమానాలకు భోజనాలు పంపే కంపెనీకి వీళ్ల పని నచ్చింది. ఆర్డరు ఇస్తామన్నారు. జీఎస్టీ నంబరు లేనివాళ్ల పేరు తమ కంప్యూటర్ తీసుకోదని కూడా అన్నారు.

శోభ నడిపే ఆ సంస్థ పేరు నీడపట్టు. నడవలేనివాళ్లను, మాట రానివాళ్లను, బుద్ధి ఎదగనివాళ్లను ఉంచి చూసుకుంటుంది. ఆయాల జీతాలు ఇచ్చే దాత నిరుడు తప్పుకున్నాడు. ఈ ఆర్డరు వస్తే ఆయాలు ఉంటారు, ఆయాలు ఉంటే నీడపట్టు ఉంటుంది. లేకపోతే ఎవరి పిల్లలను వాళ్లు తీసుకుపోవాలని దసరాలోపు తల్లిదండ్రులకు చెప్పాలి. ఆ మాటలను శోభ అన్నం కలుపుతూ లోలోపల అనుకుని చూసుకునేది. ప్రతిసారీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేది.

ఇల్లు మొగులయ్యది. లింగమ్మ అతని భార్యే. మొగులయ్య ఈ ఇల్లు కట్టినప్పుడు, ఆ చుట్టుపక్కల అందరిలాగే, రేపు పెంచుకోవచ్చని స్తంభాల్లోంచి సలాకలు బయటికి వదిలాడు. విమానాశ్రయం పక్కన పైకి పెంచాలంటే అనుమతులు కావాలి గనుక వెనక ఖాళీ జాగా వైపు వదిలాడు. శోభకు కిరాయికి ఇచ్చాక ఇల్లు తన పని తానే చూసుకోవడం మొదలుపెట్టింది. కొత్తగా ఎవరైనా చేరబోతున్నారంటే, వాళ్లు వచ్చే పొద్దుటికి ఆ సలాకల దగ్గర ఒక గది ఉంటుంది, సున్నంతో సహా. మనీషా ఎప్పుడూ పడుకునే ఉంటుంది గనుక ఆమె గది కిటికీ మంచం ఎత్తులో వచ్చింది. శివశంకర్ గదికి వాడి ముఖం ఎత్తులో ఒక అద్దం వచ్చింది, వాడు రోజూ దాని ముందు తల దువ్వుకుంటాడు. గది వచ్చినప్పుడల్లా మొగులయ్య పైపు పట్టుకొచ్చి, కొత్త గోడ కదా అని కొన్నాళ్లు నీళ్లు కొట్టి పోతాడు. పురపాలక సంఘం వాళ్లు ఏడాదికోసారి వచ్చి ఇంటి పన్ను పెంచి పోతారు. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది, జీఎస్టీ దరఖాస్తు పెట్టేదాకా.

దరఖాస్తు పెట్టినవాడు మధు. అత్తాపూర్‌లో ట్యాక్స్ కన్సల్టెంట్. నీడపట్టు దగ్గర ఫీజు తీసుకోడు గానీ, ఆ మాట రోజుకోసారి గుర్తు చేస్తాడు.

మొదటి నోటీసు ఇలా వచ్చింది: వికలాంగుల సంరక్షణకు పన్ను మినహాయింపు ఉండగా మీకు రిజిస్ట్రేషన్ ఎందుకో వివరించండి.

"గదేందన్నా, పన్ను కడతమంటె ఎందుకు కడతరని అడుగుతున్నరు?" అంది శోభ.

"అక్కా, పిల్లల్ని చూసుకునే పనికి పన్ను లేదు. చెంచాలు చుట్టే పనికి ఉన్నది. గా ముక్కే రాసి పంపుత. నువ్వు పరేషాన్ కాకు."

రాసి పంపాడు. రెండో నోటీసు వచ్చింది: బోర్డు ఫోటోలో సంస్థ పేరు స్పష్టంగా లేదు. బోర్డుకు రంగు వేయించి మళ్లీ ఫోటో తీశారు. తర్వాత శోభ వేలిముద్ర కావాలన్నారు. ఏళ్ల తరబడి పిల్లల కాళ్లకు నూనె రాసి మర్దన చేసిన వేలు అది. మిషన్ దాన్ని గుర్తుపట్టలేదు. కౌంటర్‌లోని అమ్మాయి చేయి కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చేసరికి సర్వర్ ఆగిపోయింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా వెళ్లాక వేలు పట్టింది.

చివరికి ఇల్లు చూడడానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేరు నరేందర్. ఇస్త్రీ చొక్కా, నిద్ర చాలని కళ్లు. కొలుస్తుంటే అతని ఫోన్ మోగింది.

"బయటి నుంచి గొళ్లెం పెట్టినవా? అరుస్తె అరవనియ్. నేను సాయంత్రం వస్త," అని పెట్టేసి మళ్లీ టేపు పట్టుకున్నాడు.

కిరాయి ఒప్పందంలో ఉన్న గదుల కన్నా ఒకటి ఎక్కువ తేలింది. దరఖాస్తు పెట్టిన వారానికి ఒక పిల్లవాడు చేరాడు, వాడికో గది వచ్చింది. విస్తీర్ణం కాగితంతో సరిపోలేదని నరేందర్ రాశాడు. దరఖాస్తు తిరస్కరించారు.

"గది వచ్చినందుకు నాకేం తకలీఫ్ లేదు మేడం," అన్నాడు పోతూ పోతూ. "అది కాయితంల లేదు. గదే తకలీఫ్."

మొగులయ్యతో కొత్త ఒప్పందం రాయించి మధు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి ఫోన్లో గట్టిగానే చెప్పాడు.

"అక్కా, దండం పెడుత. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాక ఒక్కర్ని సుత చేర్చుకోకు. ఇంటికి సుత చెప్పు."

"ఇంటికి నేనేం చెప్తనన్నా?"

"నీ ఇష్టం. మల్ల రిజెక్ట్ అయితే నేను పెట్ట. నేను ఫీజు సుత తీసుకుంటలేను."

ఇన్‌స్పెక్షన్‌కు రెండు రోజుల ముందు కొత్తూరు నుంచి కుర్మయ్య వచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఎదిగిన బిడ్డను చంటిపిల్లలా భుజానికెత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. భార్య పోయి నెల అయిందని, డ్యూటీకి పోతే పిల్లను చూసేవాళ్లు లేరని చెప్పాడు.

"ఏం సతాయించది మేడం. ఫ్యాన్ ఒక్కటి తిరుగుతుండాలె. కరెంటు పోతె మాత్రం ఊరంత ఇనబడేటట్టు ఏడుస్తది."

శోభ గేటు తీయలేదు. "జర పది రోజులు ఆగన్నా. కాయితాల పని నడుస్తున్నది. అయినంక నేనే ఫోన్ చేస్త."

కుర్మయ్య వాదించలేదు. ఫోన్ నంబరు చెప్పి, బిడ్డను మరో భుజానికి మార్చుకుని, బస్సు ఎక్కడాగుతుందని అడిగి వెళ్లిపోయాడు. ఆ రోజు శోభ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. శివశంకర్ పొట్లాలన్నింటినీ వెనక్కి పంపాడు, ఒక్కటి కూడా టేకాఫ్ కాలేదు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున మొగులయ్య పైపు పట్టుకుని వెనక్కి పోవడం చూసి శోభ చేతిలో పని వదిలేసింది. పరుగెత్తింది. చివరన కొత్త గది ఉంది, సున్నం వాసనతో.

"నేనెవ్వర్ని రమ్మన్లే బాపూ!" అంది, ఏడుపు గొంతుతో.

"నన్నేం జెయ్యమంటవు బిడ్డా? సలాకలు వదిలిన కాడికే నాది. తర్వాత దాని ఇష్టం," అన్నాడు మొగులయ్య, గోడ మీద నీళ్లు కొడుతూ.

గేటు దగ్గర బండి ఆగింది. నరేందర్ వచ్చి, కాగితం తీసి, గదులు చూసుకుంటూ చివరిదాకా నడిచి, ఆగాడు.

"మేడం. మల్ల ఒకటెక్కువున్నది."

ఇన్నాళ్లూ సార్ సార్ అని ఒదిగి మాట్లాడిన శోభ ఆ మాటతో తెగబడింది.

"ఉన్నది సార్. నేనైతె ఎవ్వర్ని చేర్చుకోలే. మొన్న ఒకాయన బిడ్డను ఎత్తుకొని గేటు దాక వస్తె ఎనుకకు పంపిన. గేటు సుత తియ్యలే. ఎందుకో ఎరికెనా? మీ విస్తీర్ణం కోసం. రాసుకోండ్రి, అది సుత రాసుకోండ్రి!"

నరేందర్ పెన్ను తీయలేదు. ఈలోపు లింగమ్మ గదిలోకి తొంగి చూసింది.

"ఇది కుర్మయ్య బిడ్డది కాదమ్మా. పైన జూడు, ఫ్యాన్‌కు కొక్కెమే లేదు. ఆ పిల్ల ఫ్యాన్ లేకుంటె ఉండదంటివి గద."

"షాబాదు బండలు గోడకేసుకున్నది. కిందెయ్యాల్సినయి. దీనికి మతి పోయిందేమొ," అన్నాడు మొగులయ్య.

"నీకే పోయింది. కింద గూసొని గోడకు చెంప ఆనిచ్చేటోల్లు ఎవరో వస్తరు. సల్లగుంటదని వేసింది. కూసున్నోల్ల తలెత్తు దాకనే వేసింది, సూడరాదు?"

నరేందర్ లోపలికి వెళ్లాడు. పైకప్పు చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని బండ మీద అరచేయి పెట్టాడు, చాలాసేపు తీయలేదు. ఇంటి మీదుగా ఒక విమానం దిగిపోయింది.

"ఎండకాలం సుత గిట్లనే సల్లగుంటయా?" అని అడిగాడు.

"ఉంటయి సార్," అంది శోభ, ఏమీ అర్థంకాక.

"మా ఇంట్ల ఫ్యాన్లన్ని ఇప్పేసినం మేడం. మా అన్న రాఘవేందర్‌కు ఫ్యాన్ అంటె భయం. తిరుగుతుంటె అరుస్తడు. రోజంత వంటింటి గోడకు చెంప ఆనిచ్చి కూసుంటడు." లేచి, తలుపును ముందుకూ వెనక్కూ కదిపి చూశాడు. "బయట గొళ్లెం లేదేంది?"

"ఏ గదికి లేదు సార్. లోపలికే ఉంటది."

"లోపల పెట్టుకొని తియ్యకుంటె?"

"తీస్తరు సారూ. ఆకలైతది గద," అంది లింగమ్మ.

నరేందర్ నవ్వలేదు. కొలతల టేపు తీయనూ లేదు. స్తంభానికి ఫైలు ఆనించి రాసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ తిరస్కరిస్తారనే శోభ అనుకుంది. తల్లిదండ్రులకు చెప్పాల్సిన మొదటి వాక్యాన్ని ఈసారి పూర్తిచేసి, రెండో వాక్యం దాకా వెళ్లింది.

తర్వాతి వారం మధు ఫోన్ చేశాడు.

"అక్కా, నంబరొచ్చింది! గానీ ఇదేం రిపోర్టు అక్కా? విస్తీర్ణం దగ్గర 'అవసరాన్ని బట్టి' అని రాసిండు. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, గిట్లాంటిది చూడలే. పైన ఆఫీసర్ ఎట్ల సంతకం పెట్టిండో! సరే, ఇగ రిటర్నులు వెయ్యాలె. లేటైతే ఫైన్. నేను ఫీజు..."

శోభ ఆ ఫోన్ పెట్టేసి కుర్మయ్యకు చేసింది. మర్నాటి పొద్దుటికి ఆ పిల్ల కోసం వచ్చిన గదికి ఫ్యాన్ కొక్కేలు రెండున్నాయి, పక్కన ఇన్వర్టర్ పెట్టుకునే గూడు కూడా.

మొదటి డబ్బాలు విమానాశ్రయానికి బయలుదేరిన ఆదివారం గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. నరేందర్ దిగాడు, నలిగిన టీషర్టులో. అతని వెనక నెరిసిన గడ్డంతో ఒక మనిషి, రెండు చేతులతో చెవులు మూసుకుని. ఎవరూ దారి చూపకముందే ఆ మనిషి వరండా దాటి, బల్ల దాటి, వెనకకు నడిచి, ఫ్యాన్ లేని గదిలోకి పోయాడు. కింద కూర్చున్నాడు. చెంప బండకు ఆనించాడు. చేతులు చెవుల మీద నుంచి జారిపోయాయి.

కాసేపటికి లేచి, తలుపు మూసి, లోపల గొళ్లెం పెట్టుకున్నాడు.

బయట నిలబడ్డ నరేందర్ చేయి అలవాటుగా పైకి లేచింది, గొళ్లెం ఉండాల్సిన చోటికి. అక్కడ ఉత్త చెక్క ఉంది. ఆ చెక్క మీదే చేయి ఉంచి నిలబడ్డాడు.

"అన్నా," అని పిలిచాడు చివరికి.

వరండాలో శివశంకర్ పొట్లాలు వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. లింగమ్మ అన్నానికి పిలిచింది. పళ్లేల చప్పుడైంది. లోపల గొళ్లెం తీసిన శబ్దం వినబడింది.