చీటీ లేని వాచీ

మా అమ్మాయి పిచ్చుక ప్రయాణికుల ఓడలో గదులు సర్దే పనికి చేరిన రోజు నుంచి నేను భయపడని సంగతంటూ లేదు. ఓడ మునుగుతుందని భయం. తడి నేలమీద కాలు జారుతుందని భయం. జ్వరమొస్తే నీళ్ళిచ్చే దిక్కుండదని, తాగినవాడెవడో చేయి పట్టుకుంటాడని, ఇంకా పైకి చెప్పుకోలేనివి చాలా. ఫోను చేసినప్పుడల్లా అన్నీ అడిగేదాన్ని. “అమ్మా, నువ్వు గాని ఓడెక్కితే ముందు నువ్వు మునుగుతావు, ఓడ తర్వాత మునుగుతుంది,” అని నవ్వేది. ఇన్నిటికి భయపడ్డాను కదా, ఇంకేం జరుగుతుందిలే అని లోపల ఒక మొండి ధైర్యం ఉండేది. వాచీకి కూడా భయపడాలని నాకు తట్టలేదు.

ఆ రోజు ఓడ తిరిగి వచ్చింది. ఈసారికి పిచ్చుక పని ముగిసింది, ఇంటికొచ్చి కొన్నాళ్ళుండి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకి పని నేర్పే పోస్టు ఇస్తామని సూపర్వైజరమ్మ మాటిచ్చింది. ఆ కబురు చెప్పిన నాడు పిచ్చుక గొంతు నేనెన్నడూ విననంత పెద్దగా ఉంది. నేను సంచిలో దాని పాత రబ్బరు చెప్పులు పెట్టుకుని వచ్చాను. ఓడ బూట్లలో రోజంతా నిలబడి దాని మడమలు పుళ్ళు పడ్డాయి. దిగగానే అవి విప్పించేయాలని నా ఆత్రం.

రేవు దగ్గర రెండు దారులు. పెద్ద తలుపులోంచి ప్రయాణికులు పెట్టెలు లాక్కుంటూ వస్తారు. పక్కనున్న చిన్న గేటులోంచి పనివాళ్ళు, గార్డు సంచులు వెతికాక వస్తారు. నేను ఇనప కడ్డీ పట్టుకుని చిన్న గేటువైపే చూస్తున్నాను. అప్పుడు ఫోను మోగింది.

“అమ్మా, బయటే ఉన్నావా? కంగారు పడకు.”

“ఎక్కడ తగిలిందే దెబ్బ?”

“దెబ్బా కాదు, ఏమీ కాదు. నన్ను గేటు దగ్గర ఆపారు. నా బ్యాగులో వాచీ ఉందని.”

“ఎవరిది?”

“నాదే. మామ్మగారిచ్చారు.”

ఆ మామ్మగారి సంగతి నాకు ముందే తెలుసు. కొడుకుతో వచ్చిన పెద్దావిడ. రాత్రిళ్ళు నీళ్ళ చప్పుడుకి నిద్రపట్టక భయపడేదట. పిచ్చుక తువ్వాలును మడిచి కుందేలు చేసి మంచం మీద కూర్చోబెట్టింది. ఓడలో అదొక పని, తువ్వాళ్ళతో ఏనుగులూ కోతులూ చేయడం. ఆవిడ ఆ కుందేలును విప్పనివ్వలేదు. ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకునే కూర్చుందట. ఆ ఫోటో నా ఫోనులో ఉంది.

ఓడలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రయాణికులు పనివాళ్ళకి ఏమిచ్చినా, బిస్కెట్ ప్యాకెట్టయినా సరే, గది నంబరు వేసి, ఇది నేనే ఇచ్చానని సంతకం చేసిన చీటీ ఇవ్వాలి. చీటీ లేకపోతే గేటు దగ్గర అది దొంగసొత్తు. దిగే రోజున కొందరు సగం వాడిన షాంపూ సీసాలూ, పుల్లలు విరిగిన గొడుగులూ మంచం మీద వదిలి, వాటికి మాత్రం చక్కటి అక్షరాలతో చీటీలు రాసి పోతారని పిచ్చుక చెప్పి నవ్వించేది.

“మరి చీటీ ఏదే?”

“అడగలేదమ్మా. అంకెలు నా కళ్ళకి కనబడవు, నీకైతే పనికొస్తుంది, నన్ను తలుచుకో అని చేతికి పెట్టి, పట్టుకుని ఏడ్చేసింది. ఏడ్చే మనిషిని ఆగండి, సంతకం పెట్టండి అని ఎలా అడగను? వాళ్ళింకా బయటికి రాలేదనుకుంటా. ఒక్క మాట ఆవిడ నోటితో చెబితే వదిలేస్తానంటున్నాడు గార్డు. లేకపోతే నా పేరు కొట్టేస్తారు. ఇక ఏ ఓడలోనూ పిలవరు.”

నేను పెద్ద తలుపు దగ్గరికి పరిగెత్తాను. ఫోటో చూసుకుంటూ, మొహాలు చూసుకుంటూ, దేవుడా దాటిపోయి ఉంటారని గొణుక్కుంటూ. దాటిపోలేదు. చేతికర్రతో ఆవిడ, వెనకాల మెడకి దిండు తగిలించుకుని పెట్టెలు తోస్తూ కొడుకు.

“అమ్మగారూ, నేను పిచ్చుక తల్లిని.”

ఆవిడ మొహం విప్పారింది. నా రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వా తల్లీ. నీ కడుపు చల్లగుండ. ఎంత మంచి పిల్లను కన్నావమ్మా.”

ఆ చేతుల వెచ్చదనానికి నా పిల్ల గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

కొడుకు గడియారం చూసుకుంటున్నాడు. “మంచి మాటలన్నీ కార్డు మీద రాసిచ్చాం కదమ్మా. టిప్పు కూడా టికెట్లోనే కోసేశారు. ఇంకేం కావాలట?”

“ఏమీ వద్దు బాబూ. ఆ వాచీ మీ అమ్మగారే ఇచ్చారని గార్డుతో ఒక్క మాట చెబితే చాలు.”

“ఏ వాచీ?”

నా చేతుల్లో ఉన్న ఆవిడ చేతులు వదులయ్యాయి.

“అమ్మా, నేను కొన్న వాచీ ఏది?”

“పెట్టెలో ఉందిరా.”

“ఏ పెట్టెలో?”

అప్పటికే చిన్న గేటువైపు నుంచి గార్డు వస్తున్నాడు. ప్లాస్టిక్ సంచిలో బంగారు రంగు వాచీ, వెనకాల మా పిచ్చుక. ఇన్నాళ్ళకి చూసిన పిల్ల నావైపు చూడలేదు, ఆవిడవైపే చూస్తోంది.

“మేడమ్, ఇది మీదేనా? మీరే ఇచ్చారా?”

ఆవిడ వాచీ చూడలేదు. పిచ్చుకను చూడలేదు. కొడుకు మొహం చూసింది. మబ్బు పట్టినప్పుడు నేను ఆకాశం వంక ఎలా చూస్తానో అలాగే చూసింది.

“నాదే,” అంది. “ఎక్కడ జారిపోయిందో అనుకుంటున్నాను.”

“మామ్మగారూ,” అంది పిచ్చుక.

“పిల్ల మంచిదేనయ్యా,” ఆవిడ గార్డుతో గబగబా చెప్పింది. “దొరికితే నాకిద్దామని దాచి ఉంటుంది.”

“దొరికిన వస్తువు దొరికిన రోజే అప్పగించాలి మేడమ్,” అన్నాడు గార్డు. ఆవిడ దయతలచి అన్న మాటే పిల్ల మెడకి ఉచ్చయింది.

నేను ఊరుకోలేకపోయాను. “అమ్మగారూ, ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అంకెలు కనబడవని మీరే అన్నారట కదా.”

కొడుకు నావైపు తిరిగాడు. “చూశావా అమ్మా, గదిలో నువ్వన్న మాటలు కూడా మోసుకొచ్చి వాళ్ళింట్లో చెప్పింది. ఇక నుంచి అన్నీ తాళం వేసుకోవాలి.” అని వాచీ తీసి తనే ఆవిడ మణికట్టుకి పెట్టాడు. ఆవిడ చిన్నపిల్లలా చేయి చాపింది.

గార్డు పిచ్చుక మెడలోంచి గుర్తింపు కార్డు తీసుకుని, వెనక్కి రమ్మన్నాడు, కాగితాల మీద సంతకాలకి. వాచీకి లేని సంతకాలు ఇప్పుడు బోలెడు.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. భయస్తురాలు. భయమంటే ఏంటో నాకు ఒకరు చెప్పాలా. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నా కడుపుమంట చల్లారలేదు. నా భయంతో నేను నా నిద్ర చెడగొట్టుకున్నాను, ఇంకొకరి పిల్ల పేరు చెడగొట్టలేదు.

కొడుకు కారు చూడటానికి వెళ్ళాడు. కర్ర చప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఆవిడ అటూ ఇటూ చూసి, నా అరచేతిలో మడిచిన నోటు పెట్టింది. “పిల్లకి ఏదైనా కొనిపెట్టు తల్లీ. వాడితో అనకు.” మణికట్టు మీద వాచీ మెరుస్తోంది.

మొహాన కొట్టాల్సింది. పదిమందిని పిలవాల్సింది. నేను గుప్పిట మూశాను. ఆవిడ వెళ్ళిపోయింది.

చాలాసేపటికి పిచ్చుక బయటికొచ్చింది. నా పక్కన బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకోసాగింది. నేను చెప్పులు తీసి దాని కాళ్ళ దగ్గర పెట్టాను. ఏడిస్తే ఓదార్చడానికి సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు.

“చేతిలో ఏంటది?”

“మామ్మగారు నీకిచ్చింది.”

“చీటీ రాయించుకున్నావా?”

నవ్వుతోందేమో అని దాని మొహంలోకి చూశాను. నవ్వట్లేదు. చెప్పులేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని ముందు నడిచింది. బయటి దారి గార్డు ముందునుంచే. అతన్ని దాటి రోడ్డు మీదికి వచ్చేదాకా నేను గుప్పిట విప్పలేదు. ఏముందని అడుగుతాడేమోనని భయం.