రాజలింగు బుగ్గలో ఖర్రా

రాజలింగు గేటు మీటింగులో మాట్లాడితే గని మేనేజరు స్వయంగా బయటికొచ్చి వినేవాడు. కుర్చీ వేయించేవాడు, చాయ్ తెప్పించేవాడు, మైకు కూడా ఆఫీసుదే ఇచ్చేవాడు. యూనియన్ నాయకుడికి ఇంతకంటే మర్యాద ఏం కావాలి? కావాల్సింది ఒక నీళ్ల ట్యాంకరు. అది మాత్రం రాలేదు.

బొగ్గు లారీల రోడ్డు కాలనీ వాకిళ్లను ఒరుసుకుంటూ పోతుంది. రోజూ నీళ్లు చల్లాలని రూలుంది. చల్లరు. రాజలింగు మనవరాలు మూడేళ్ల పిల్ల. ఊపిరి తీస్తే ఈల మోగుతుంది. చంద్రపూర్‌లో డాక్టరు మందులు రాసి, దుమ్ములో ఉంటే ఇవి పనిచేయవని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం కూడా రాజలింగు ఉపన్యాసం దంచి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు.

"సాబ్ అంతా విన్నడే లస్మీ! తల్కాయ ఊపిండు."

"ట్యాంకర్ వచ్చిందా?" అంది భార్య లస్మవ్వ.

"రాసుకున్నడు."

"రాసుకొని ఏం జేస్తడు? నీ మాటలు రోడ్డు మీద సల్లుతడా?"

పిల్లను భుజానేసుకున్న కోడలు భాగ్యలక్ష్మి నవ్వు ఆపుకుంది. అరుగు మీద చాయ్ తాగుతున్న మురళీధర్ ఆపుకోలేకపోయాడు. గుంటూరు నుంచి వచ్చిన గని ఇంజనీరు అతను. మరాఠీవాడైన మేనేజరు మాటను తెలుగులో వీళ్లకు చేరవేసేది అతనే.

"ఇంగ్లీషులో ఒక మాటుందమ్మా. ముఖం నీలంగా మారేదాకా మాట్లాడటం అంటారు. ఊపిరి అయిపోయేదాకా చెప్పినా అవతలివాడు కదలడన్నమాట. మా సాబ్ దగ్గర బాబాయిగారి పని అంతేనండి."

"మా ముసలోని మొఖం గనిల నల్లగై ముప్పయేండ్లాయె. నీలమైతే ఎట్ల కనబడ్తది సారూ?" అని లస్మవ్వ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "అయితే మేం మాట్లాడుతున్నంతసేపు మీ సాబ్‌కు నిమ్మళమే గదా?"

మురళీధర్ చాయ్ గ్లాసులోకి చూశాడు. "మాట్లాడేవాళ్లు ఇంకేం చేయరని ఆయన ధైర్యమండి."

మర్నాడు పొద్దున్నే కాలనీ ఆడవాళ్లంతా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. జెండా లేదు, నినాదం లేదు, వినతిపత్రం లేదు. ఎవరూ నోరు విప్పకూడదని లస్మవ్వ ఆర్డరు. అందరికంటే రాజలింగుతోనే ఆమెకు భయం. పాన్ ఠేలా నుంచి ఖర్రా తెప్పించింది. సుపారీ, తంబాకు, సున్నం కలిపి రుద్దిన ఆ ముద్దను మొగుడి బుగ్గలో కుక్కింది.

"ఉమ్మినవనుకో, ఇంట్ల బువ్వ లేదు."

లారీలు ఆగాయి. వాటి వెనక ఇంకా లారీలు. మేనేజరు జీపు దిగాడు.

"బోలా, కాయ్ పాహిజే?" అన్నాడు. ఏం కావాలో చెప్పండని మరాఠీలో. ఎవరూ పలకలేదు. హిందీలో అడిగాడు. మురళీధర్‌తో తెలుగులో అడిగించాడు. ఏం కావాలో ఆయనకు తెలియక కాదు. ఇన్నాళ్లూ మైకు ఆయనదే కదా.

"మరి మీ లీడర్ ఏమంటాడు?"

రాజలింగు బుగ్గ కదిలింది. లస్మవ్వ అటు చూసింది. బుగ్గ ఆగింది.

మాటిచ్చి పంపేయడం మేనేజరుకు వచ్చిన విద్య. పుచ్చుకునే నోరే లేకపోతే ఎవరికిస్తాడు? కమిటీ అన్నాడు, పై ఆఫీసు అన్నాడు, వచ్చే నెల అన్నాడు. గొంతు బొంగురుపోయింది. ఫోనులో లారీలేవని పైవాళ్లు అరుస్తున్నారు. ఎండ నెత్తికెక్కాక ట్యాంకరు వచ్చింది.

రోడ్డు తడిసింది. ఆడవాళ్లు చీరలు దులుపుకుని లేచారు. రాజలింగు ఖర్రా ఉమ్మేసి గొంతు సవరించుకున్నాడు.

"కామ్రేడ్స్! మేనేజర్ సాబ్ పెద్ద మనసుతోని..."

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "బోలా, బోలా!" అంటూ కుర్చీ తెమ్మన్నాడు.

లస్మవ్వ లేవలేదు. ఈ తడి పొద్దు వాలకముందే ఆరిపోతుంది. భాగ్యలక్ష్మి వచ్చి పిల్లను అత్త ఒళ్లో పడుకోబెట్టింది. పొద్దుటి నుంచి ఒక్క లారీ కదలలేదు, పిల్ల దగ్గకుండా నిద్రపోయింది.

"లేద్దామా అత్తా?"

లస్మవ్వ పిల్ల మీద కొంగు కప్పింది. భాగ్యలక్ష్మి పక్కన కూలబడింది. ఆమెను చూసి ఒక్కొక్కరే మళ్లీ కూర్చున్నారు. రాజలింగు మాట మధ్యలో వెనక్కి తిరిగాడు. వినేవాళ్లెవరూ లేరు, మేనేజరు తప్ప. రాజలింగూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాడు.

ట్యాంకరు డ్రైవరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఆగిన లారీల వరుస వైపు చూసి, మళ్లీ నింపుకు రమ్మని చేత్తో సైగ చేశాడు.