మెడ నుంచి నడుము దాకా

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పైన రేకుల కప్పు, కింద మూడు పొయ్యిలు, మధ్యలో మనుషులు. ఆ ఉడుకులో ఒంటి మీద చొక్కా ఉంచుకున్నవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, దాచుకోవాల్సిందేదో ఉన్నవాడైనా అయ్యుండాలి. గరిట రెండో రకం. కాగులో నూనె కలియబెట్టే పని కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఏంటి బావా, లోపల ఇంకో చొక్కా కూడా తొడిగావా? పెళ్లికొడుకులా బిగదీసుకొచ్చావు," అన్నాడు డ్రమ్ములు మోసేవాడు.

"నీ పని చూసుకోరా బాబూ," అన్నాడు గరిట, మొహం కాగు వైపు తిప్పుకుని.

లోపల ఉన్నది చొక్కా కాదు, పాత దుప్పటి చింపి తీసిన జానెడు వెడల్పు గుడ్డ. పొద్దున్నే తలుపు గడియ పెట్టి, భార్య దాన్ని అతని రొమ్ముకు మూడు చుట్లు చుట్టి వీపు మీద పిన్నీసు పెడుతుంది. ఏడాదిగా ఇదే వరస. ముందు చిన్న గట్టి ముద్దలా తగిలింది. చొక్కా రాసుకున్నా ప్రాణం పోయేది. తరవాత రెండు వైపులా పెరిగింది. యాభైకి దగ్గరపడ్డ మగాడు, ఆడమనిషిలా రొమ్ములొస్తే ఎవరితో చెప్పుకుంటాడు? భార్యతోనే చెప్పుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఏం చూసుకుని నవ్వుతుంది? నాలుగేళ్ల కిందటే జబ్బు చేసి ఆమె ఎడమ రొమ్ము కోసి తీసేశారు.

ఇక్కడ వండేది ఆడవాళ్లు రొమ్ములు పెరగడానికి రాసుకునే తైలం. మెంతులు, సోపు, ఇంకేవో వేళ్లూ ఆకులూ నూనెలో కాగబెడతారు. చల్లారాక యజమాని స్వయంగా ఒక తెల్ల పొడి తెచ్చి కలపమంటాడు. అదేం పొడో అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. గ్లౌజులు ఇప్పించమంటే, "మూలికల నూనెకు గ్లౌజులెందుకోయ్, ఒంటికి మంచిదే," అని నవ్వేశాడు. అందుకని పదకొండేళ్లుగా మోచేతుల దాకా ముంచి, అడుగున మడ్డిని ఉత్త చేతులతోనే పిండుతున్నాడు గరిట. రోజుకు ఆరు వందలు కూలి. బయట అరచెయ్యంత సీసా తొమ్మిది వందలు.

మడ్డిలో మిగిలిన నూనెను ఓ మందు సీసాలో పట్టి ఇంటికి తీసుకెళ్లేవాడు. దొంగతనం కాదండీ, ఎలాగూ పారబోసేదే. ఆపరేషన్ దగ్గర్నుంచి భార్య అద్దం చూడటం మానేసింది. "సగం మనిషినయ్యా నేను," అంటుండేది. ఆ మాట వినే శక్తి అతనికి లేకపోయింది. లోకమంతటికీ ఇచ్చే నూనె మా ఇంటిదానికి ఇవ్వదా అనుకున్నాడు. రెండేళ్లుగా రోజూ సాయంత్రం, ముందుగా ఆసుపత్రి మాత్ర దగ్గరుండి మింగించడం, ఆ పైన కోత మానిన చోటా, మిగిలిన రొమ్ముకూ గోరువెచ్చగా నూనె రాయడం. రోజు మొత్తంలో ఆమె కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి తీసుకునేది ఆ పావుగంటే. పాపం, అతనికీ అంతే.

"గరిటా! సార్ రమ్మంటున్నారు," అని కేక వినిపించింది. తెలిసిపోయింది, ఇక పనిలోంచి తీసేస్తాడు అనుకుంటూ వెళ్లాడు.

యజమాని తలుపు వేసి, "చొక్కా విప్పు," అన్నాడు. "నిన్న చెమటకు తడిసినప్పుడు చూశాన్లే. నా దగ్గర సిగ్గేమిటి?"

గరిట చొక్కా విప్పి, చెయ్యి వెనక్కి పెట్టి పిన్నీసు తీశాడు. యజమాని కాసేపు అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. ఛీ అనలేదు. మొహం వెలిగిపోయింది.

"ఎన్నాళ్లకు దొరికావయ్యా! రేపు పొద్దున ఫోటోలవాణ్ణి పిలిపిస్తాను. మెడ నుంచి నడుము దాకా తీస్తాడు, ముఖం పడదు. ఒంటి మీద వెంట్రుకలు నున్నగా గీసుకుని రా. మూడు నెలల్లో ఇంత మార్పని సీసా మీద వేద్దాం."

"ఆడవాళ్లు నిజమనుకుని కొంటారేమో సార్..."

"నిజం కాదూ? మన నూనెలో చేతులు పెట్టే కదా వచ్చింది!" అని పడీ పడీ నవ్వాడు. "మూడు నెలల కూలి ఒక్కసారే ఇస్తాను. మీ ఆవిడ వైద్యానికి పనికొస్తుంది."

ఆ చివరి మాటకు గరిట కాదనలేకపోయాడు. పూట సెలవడిగి ఆసుపత్రికి వెళ్లాడు. భార్యకు చేసిన పరీక్షల సంగతి ఆ రోజే చెబుతామన్నారు.

ఆమె బల్ల మీద కూర్చుని ఉంది. "తిన్నావా?" అంది చూడగానే. ఇలాంటి రోజున కూడా ఆమెకు ముందొచ్చే మాట అదే.

డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు చూసింది. "రెండో వైపు కూడా వచ్చిందమ్మా," అంది మెల్లగా. "మాత్రలు మానేశారా?"

"ఒక్క పూట మానలేదమ్మా. ఆయన మాననివ్వడు."

"మీ జబ్బు ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఒక హార్మోను తిని పెరిగే రకం. ఈస్ట్రోజన్ అంటాం. అది జబ్బుకు అందకుండా ఆపడానికే ఆ మాత్ర. బయటి మందులు, మూలికలు, నూనెలు ఏమైనా వాడారా?"

"లేదమ్మా," అంది భార్య చటుక్కున, అతని వైపు చూడకుండా. నాలుగేళ్లలో డాక్టరమ్మతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. మొగుణ్ణి తప్పించడానికే ఆడింది.

గరిట చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "ఊరుకోవయ్యా," అని ఆమె చెయ్యి పట్టుకుంది. ఊరుకోలేదు. గుడ్డ కూడా విప్పేశాడు.

"చూడండమ్మా. నేను వండే నూనె నన్నిలా చేసింది. అదే నూనె రెండేళ్ల నుంచి ఈమెకు రాస్తున్నాను. అందులో ఏదో తెల్ల పొడి కూడా కలుపుతాం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కొన్ని మొక్కలకూ నూనెలకూ ఆ హార్మోనులా పనిచేసే గుణం కొంచెం ఉండొచ్చంటారు. రొమ్ములు పెంచేంత బలం ఉందని రుజువైతే లేదు. ఆ పొడి హార్మోను మాత్రల పొడే అయితే మాత్రం సంగతి వేరు. మీకూ పరీక్షలు చెయ్యాలి. ఆ సీసా తెచ్చివ్వండి."

"అంటే, నా వల్లేనా అమ్మా?"

"మాత్ర వేసుకున్నా కొందరికి తిరగబెడుతుంది. నూనె వల్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

అవునంటే కుమిలి కుమిలి ఏడ్చేవాడు. కాదంటే బతికిపోయేవాడు. రెండూ కాని మాటను మోసుకుని ఇంటికొచ్చాడు. దారంతా ఆమే మాట్లాడింది. "మంచికే చేశావు. నీకేం తెలుసు, నాకేం తెలుసు," అంటూనే ఉంది.

సాయంత్రం మాత్ర మింగి, అలవాటు కొద్దీ అతని ముందు కూర్చుంది. "నూనె లేకపోతే పోయింది. ఉత్త చేత్తో కాసేపు నిమురయ్యా," అంది. అప్పటికే అతను సబ్బుతో ఏడెనిమిది సార్లు చేతులు కడుక్కున్నాడు. తోలు ఎర్రగా కందింది గానీ వాసన పోలేదు.

"నా చెయ్యి నీకు తగలనివ్వనే," అని భోరుమన్నాడు.

మర్నాడు పొద్దున యజమాని గదిలో తెల్ల గుడ్డ కట్టారు, లైట్లు పెట్టారు. గరిట చొక్కా విప్పి నిలబడ్డాడు. ఒళ్లు గీసుకు రాలేదు. ఫోటోలవాడు కెమెరా కిందికి దించుతుంటే, "పైకెత్తు," అన్నాడు.

"ఏంటోయ్?" అన్నాడు యజమాని.

"ముఖంతో సహా తియ్యమనండి. మీసాలు కూడా పడాలి. ఈ నూనె వండేవాడు ఇతనేనని కింద రాయండి. పక్కన మా ఇంటిదాని ఫోటో వెయ్యండి, ఈమెకు రాసిందీ ఇదే నూనె అని రాయండి. అప్పుడు డబ్బు తీసుకుంటాను."

"మతి పోయిందా నీకు? అలా వేస్తే ఎవడు కొంటాడు?"

"కొనరనేగా నా ముఖం వద్దంటున్నారు. నేను నిలబడను సార్."

"అయితే పొయ్యి దగ్గరికి కూడా వెళ్లకు. ఇటు నుంచి ఇటే నడువు!"

గరిట చొక్కా భుజాన వేసుకుని, తొడుక్కోకుండానే, సీసాలు నింపే గదిలోంచి నడిచాడు. పక్క గదిలో మాటలన్నీ విన్న పదిహేను మంది ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఒక్కరూ నవ్వలేదు. గేటు దాకా వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు. సీసాలకు మూతలు బిగించే అమ్మాయి, బిడ్డను కని ఆరు నెలలైంది, పరిగెత్తుకొచ్చింది. ఆమె చేతిలోనూ ఓ మందు సీసా, సగం నూనెతో.

"అన్నా, పాలు చాలట్లేదని నేనూ ఈ మడ్డి నూనె రాసుకుంటున్నా. నెలన్నర అయింది. పిల్ల నా దగ్గరే తాగుతోంది. ఏమవుతుందన్నా? ఏం కాదు కదూ?"

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"నాకేం తెలుసు తల్లీ," అన్నాడు. "నేను మా ఇంటిదానికి చేతులారా రాశాను."