దొరసాని ఒంటి భోజనం

చిన్నమ్మాయ్, ఇలా దగ్గరికి జరుగు. మామ్మ ఒంటి మీద నీచు వాసనని ముక్కు మూసుకోకు. ఇంకాస్త దగ్గరికి.

టింగ్…

వెండి చెంచా పింగాణీ పళ్ళేనికి తగిలితే వచ్చే చప్పుడది. మిట్టమధ్యాహ్నం. ఏటిగాలిలో. ఒక్కసారే.

యానాంలో గోదారి గట్టున పరాసు దొరల, అదే ఫ్రెంచి వాళ్ళ, పూటకూళ్ళ మేడ ఉండేది. తెల్లసున్నం గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు. నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయేమో. మీ తాత గంగయ్య వల లాగితే, నేను గంపెత్తుకుని ఆ మేడ పెరటి గుమ్మానికి వెళ్ళేదాన్ని. పగటి వంటకి చేప ఇచ్చి, రాత్రి వంటకి కావలసినవి తోమి పెట్టేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే దొరసాని వచ్చేది.

ఒక్కత్తే వచ్చేది. ఒక్కత్తే కూర్చునేది. ఒక్కత్తే తినేది.

కిటికీ రెక్కల సందులోంచి చూసేదాన్ని. ముందు పలచటి చారు. అది తీసేశాక చేప — నా చేప, నేను పొలుసు గీకిన పండుగప్ప — వెన్నలో పొర్లి, పొగలు కక్కుతూ. చింతపండు లేదు, మిరపకాయ లేదు. మా కుక్క కూడా ముట్టని చప్పిడి తిండి.

అయినా నా కళ్ళు కుట్టేవి.

ఆవిడ గౌను మీద కాదు కుళ్ళు. మెళ్ళో ముత్యాల మీదా కాదు. ఆ కూర్చోవడం మీద. పళ్ళెం వేడిగా ఆవిడ దగ్గరికే రావడం మీద. ముద్ద నోట్లో ఉండగా ఎవరూ "ఏమే" అని పిలవకపోవడం మీద…

వంటమనిషి ఏసుపాదం ఓసారి నన్ను పట్టేశాడు.

"ఏంటక్కా, చేపలమ్మడానికొచ్చావా, దొరసాని ముద్దలు లెక్కెట్టడానికొచ్చావా?"

"ఆవిడకెవరూ లేరా తమ్ముడూ?"

"ఉన్నారో లేరో. నీకెందుకు? దిష్టి తగిలి అరక్కపోతే నా వంట మీదకొస్తుంది."

మా ఇంట్లో చేపకి వరస ఉండేది. తల మామగారికి. పొట్ట ముక్క మీ తాతకి. నడుం ముక్కలు మరుదులకి. తోక పిల్లలకి. అందరూ లేచాక, చట్టిలో అన్నం వేసి, అంచులకంటిన పులుసు ఊడ్చుకుంటే — అది నాకు.

చట్టి అడుగున రుచి ఉంటుంది, లేదనను.

కానీ ఒక్కపూట. ఒక్క పూర్తి చేప. వేడిగా. ఒక్కదాన్నే.

ఆ కోరిక గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు.

గోదారికి వరద ఎర్రనీరు దిగిన రోజుల్లో ఒకనాడు, మూరెడు పండుగప్పని తడిగోనె కింద దాచాను. "ఇవాళ పడలేదు తమ్ముడూ" అన్నాను ఏసుపాదంతో. నోరు తడబడలేదు. దొరసాని చేప అది… దొరసాని చేపే కావాలి నాకు.

గంపలో చట్టి, అన్నం మూట, చింతపండు పెట్టుకుని లంకలోకి పోయాను. రెల్లు చాటున మూడు రాళ్ళు పెట్టాను. పులుసు కుతకుతలాడింది. అరిటాకు పరిచి, ఏటికి కొట్టుకొచ్చిన పడవచెక్కని ఇసకదిబ్బ అంచున వేసి, దానిమీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. దొరసానిలాగే.

చుట్టూ ఇసక. ఎదురుగా గోదారి. పిలిచేవాళ్ళు లేరు.

చెయ్యి చట్టిలోకి వెళ్ళింది. తల తీసి ఆకు అంచున పెట్టింది. పొట్ట ముక్క తీసి దాని పక్కన పెట్టింది. నడుం ముక్కలు. తోక.

చూసుకుంటే నా ముందు చట్టే మిగిలింది.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. అన్నీ నావే — ఎవరున్నారక్కడ? అయినా చెయ్యి అటు పోలేదు. చట్టిలో అన్నం కలుపుకుని తిన్నాను. ముక్కలు ఆకులో మూటగట్టి ఇంటికి తెచ్చాను.

"ఏంటే, పులుసు లేదు, ముక్కలు చల్లారిపోయాయి" అంది మా అత్త. ఏసుపాదం వండుకున్న దాంట్లోవి ఇచ్చాడు, దారిలో చల్లారాయి అన్నాను.

మర్నాడు మళ్ళీ కిటికీ సందు. నిన్న చేప లేదంటే దొరసాని రొట్టె కొరికి లేచి వెళ్ళిపోయిందట. ఏసుపాదం చెప్పాడు. ఇవాళ చేప అయిపోగొట్టింది. అటూ ఇటూ చూసింది. రొట్టెముక్క తుంచి, పళ్ళెం అంచులు గుండ్రంగా ఊడ్చి, నోట్లో పెట్టుకుంది.

నాలాగే.

కుళ్ళు అక్కడితో పోవాలి కదా? పోలేదే అమ్మా. ఆవిడ తిన్నది ఊడ్చుకుంది. నేను మిగిలింది ఊడ్చుకున్నాను.

ఆ మేడ ఇప్పుడు లేదు. మీ తాతా లేడు. మీ అమ్మ నాకే ముందు వడ్డిస్తుంది, వేడిగా. అయినా చూశావుగా — నా చెయ్యి తల తీసి కంచం అంచున పెడుతుంది. ఎవరికి మామ్మా అంటావు.

నువ్వు గుర్తుపెట్టుకో. నీకో మనవరాలు పుడితే, ముద్ద చల్లారకముందే చెప్పు — యానాంలో ఒక దొరసాని ఉండేదని, ఒక్కత్తే తినేదని, కిటికీ అవతల ఒకత్తి నిలబడేదని…

ఆగు. విన్నావా?

టింగ్…