నెవ్యానా టర్బో కారు

“నీ కారు పెట్రోలు తాగుతోందా, దాంతో స్నానం చేస్తోందా?” అన్నాడు భర్త దోబ్రి, బంకు రసీదును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని.

నెవ్యానా తల ఎత్తలేదు. పెరట్లో పొట్టి పీట మీద కూర్చుని, కాల్చిన లావుపాటి తీపి ఎర్ర మిరపకాయల తొక్క వలుస్తోంది. సెప్టెంబరు వస్తే గాబ్రోవోలో ఏ పెరట్లో చూసినా ఇదే వాసన. ఈ ఏడు నలభై కిలోలు. కాల్చడం, వలవడం, గింజలు తీయడం, టమాటాలతో కలిపి ఉడికించి సీసాలకెత్తడం అన్నీ ఆమెవే. శీతాకాలమంతా రొట్టెకు రాసుకు తినడం మాత్రం ఇంటిల్లిపాదిదీ.

“అగ్గిపెట్టె కోసం నీ కోటు జేబులో చెయ్యి పెడితే దొరికింది. నూరు కిలోమీటర్లకి ఎనిమిది లీటర్లే అన్నావుగా?”

“కొండ ఎక్కాలిగా. కాస్త అటూ ఇటూ అవుతుంది.”

అబద్ధం. పన్నెండు తాగుతుంది. అదీ బంకులో అన్నిటికన్నా ఖరీదైన పెట్రోలే పోయాలి. ఇంజను నూనె అయితే పాత డీజిలు బండికి ఏడాదికోసారి మారిస్తే సరిపోయేది. దీనికి ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి మార్చాలి. టైర్ల సంగతి, బీమా సంగతి దోబ్రికి ఇంకా తెలియదు. తెలియకూడదని ఆ కాగితాలన్నీ తను పనిచేసే లాబ్‌లో తన సొరుగులో, పరీక్షల పుస్తకాల కింద పెట్టింది. నలభై ఏడేళ్లు వచ్చాయి, కూతురు ప్లోవ్‌దివ్‌లో డాక్టరు చదువుతోంది, తను మాత్రం మార్కుల కాగితం దాచిన పిల్లలా రసీదులు దాస్తోంది. ఆ తలపుకే చెవులు వేడెక్కాయి. తొక్క వలిచే వేగం పెంచింది.

ఆ కారు మే నెలలో కొన్నది. వాళ్ల నాన్న పోతూ పోతూ ఊళ్లో ఉన్న ప్లమ్ తోట ఆమె పేర రాశాడు. ముప్పై నాలుగు చెట్లు. కోతకు ఎవరూ లేక పళ్లు రాలి కుళ్లిపోతుంటే అమ్మేసింది. ఆ డబ్బుతో ఇంటి పైకప్పు మారుస్తుందని అందరూ అనుకున్నారు. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె ఎవరికీ మాటివ్వలేదు. అయినా దోబ్రి పెంకుల ధర కనుక్కుని వచ్చాడు. అత్తగారు పెంకా ఇరుగుపొరుగు వాళ్లతో “ఈ శీతాకాలానికి మా కప్పు బాగవుతుంది” అని చెప్పుకుంది. నెవ్యానా మాత్రం ఒక గురువారం పని ముగించుకుని, దోబ్రి వాడి వాడి తనకు వదిలేసిన పదకొండేళ్ల డీజిలు బండిని ఒక బేరగాడికి అప్పజెప్పి, ఒక చేయి మారిన బూడిదరంగు టర్బో కారులో ఇల్లు చేరింది. రెండు వందల ఎనభై గుర్రాల బలం. పాత బండి కన్నా చిన్నది. దోబ్రి గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, “ఎవరిదిది?” అన్నాడు. “నాది” అన్న మాట నోట్లోంచి రావడానికి ఆమెకు ఎంత కష్టమైందో, ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకోవడానికి అంతకు పదింతలు కష్టమైంది.

ఎందుకు కొన్నావని ఎవరైనా నిజంగా అడిగి ఉంటే ఆమె చెప్పలేకపోయేది. పందొమ్మిదేళ్లుగా రోజూ షిప్కా కనుమ దాటి కజన్లుక్ వెళ్తుంది. అక్కడ గులాబీ నూనె కర్మాగారం లాబ్‌లో పని. పాత బండి కొండ ఎక్కుతుంటే వెనకాల లారీలు హారను కొట్టేవి. కట్టెల లారీకి కూడా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. తప్పుకోవడం ఆమెకు ఎంత అలవాటైందంటే, లాబ్‌లో తలుపు దగ్గర కుర్రవాళ్లు ఎదురైనా తనే గోడకు ఒత్తుకునేది. కొత్త మేనేజరు, ఆమె చేత పని నేర్చుకున్నవాడే, విదేశీ కొనుగోలుదారుల ముందు “నెవ్యానా మా లాబ్‌కి అమ్మ లాంటిది, కాఫీ ఆవిడ పెడితేనే కాఫీ” అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి కాఫీ పెట్టింది. ఆ రోజు వాళ్లు కొన్న నూనెకు స్వచ్ఛత పరీక్ష చేసి సంతకం పెట్టింది తనేనని ఎవరూ చెప్పలేదు. తనూ చెప్పుకోలేదు.

ఈ కారులో మొదటి రోజు, రెండో మలుపు దాటాక, ముందు ఒక లారీ. అలవాటుగా కాలు బ్రేకు మీదికి పోయింది. మళ్లీ ఏమనుకుందో, గేరు ఒకటి దించి కాలు అదిమింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎక్కడో లోపల సన్నని ఈల మొదలై, వెనక నుంచి ఎవరో రెండు చేతులూ వీపున ఆనించి తోసినట్టయింది. లారీ అద్దంలో అగ్గిపెట్టెంత అయిపోయింది. నెవ్యానా గట్టిగా నవ్వింది. తన నవ్వు అంత గట్టిగా ఉంటుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. గంట పట్టే దారి నలభై అయిదు నిమిషాల్లో దాటి, ఫ్యాక్టరీ ఆవరణలో ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు అలాగే కూర్చుంది. ఇంజనులోకి గాలి తోసే టర్బో వేడి తగ్గేదాకా ఇంజను ఆపకూడదని కారు అమ్మినవాడు చెప్పాడు. ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఏమీ చేసిపెట్టక్కర్లేదు. ఉప్పు ఎక్కడుంది, మేజోళ్లు ఎక్కడున్నాయి అని ఎవరూ అడగరు.

కారు వచ్చాక ఇంటిపని పెరిగింది. ఎవరూ పెంచలేదు, తనే పెంచుకుంది. ఇదివరకు ఆదివారం ఒక్క పూట నడుం వాల్చేది. ఇప్పుడు అత్తగారి కాళ్లకు లేపనం రుద్దడం, కర్టెన్లు ఉతకడం, దోబ్రి చొక్కాలు లోపలి వైపు కూడా ఇస్త్రీ చేయడం. అడక్కముందే అన్నీ అమర్చేది. జుట్టుకు రంగు వేయించుకోవడం మానేసింది. కింది దవడలో ఒక పన్ను సలుపుతున్నా ఎడమవైపు నమలడం నేర్చుకుంది గానీ దంతవైద్యుడి దగ్గరకు వెళ్లలేదు. ఇంత చేసినా, బంకులో ఆగిన ప్రతిసారీ, మీటరు మీద అంకెలు తిరుగుతుంటే, చూపు పక్కకు తిప్పుకునేది. దొంగతనం చేసిన మనిషికి ఇలాగే ఉంటుందేమో అనుకునేది.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. పెంకా గదిలో కిటికీ పక్కన కప్పు కారడం మొదలైంది. ముసలావిడ మంచం కాస్త జరుపుకుని, చుక్కలు పడేచోట పాత అల్యూమినియం గిన్నె పెట్టుకుంది. నెవ్యానా టీ పట్టుకెళ్లిన ప్రతిసారీ ఆ టప్ టప్ చప్పుడు వినబడేది. ఒకరోజు ఉండబట్టలేక, “అత్తయ్యా, తప్పు నాదే. కారు అమ్మేసి కప్పు వేయిస్తాను” అంది.

పెంకా టీలో రొట్టెముక్క ముంచుకుంటూ, “ఈ ఇల్లు నా ఇద్దరు కొడుకుల పేర ఉంది. కప్పు సంగతి వాళ్లు చూసుకోవాలి. మధ్యలో నిన్నెవరడిగారు?” అంది.

ఇరవై నాలుగేళ్లు కాపురం చేసిన ఇంట్లో నువ్వు పరాయిదానివని అన్నదా, లేక నీ నెత్తిన లేని బరువు ఎత్తుకోకని అన్నదా? నెవ్యానాకు అంతుపట్టలేదు. పెంకా ముఖం చూస్తే మామూలుగా టీ తాగుతున్నట్టే ఉంది.

ఆ నెలలోనే దోబ్రి ఒక ఆదివారం తాళాలు అందుకున్నాడు. “ఇలాంటి బండికి మగవాడి చెయ్యి తగలకపోతే మొద్దుబారిపోతుంది. కొంచెం పరుగెత్తించి దమ్ము తెప్పిస్తా” అన్నాడు. స్నేహితులతో డ్యాము దగ్గరికి చేపలు పట్టడానికి వెళ్లి, బుగ్గలు ఎర్రబడి తిరిగొచ్చాడు. “ఏం లాగుతోందే బాబూ! స్తామెన్ గాడి జర్మను బండిని మట్టి కరిపించా!” అని భోజనాల దగ్గర చేతులు తిప్పుతూ చెప్పాడు. నాలుగు ఆదివారాలు వరసగా వెళ్లాడు. టాంకు అడుగంటాక తెచ్చి నిలబెట్టేవాడు, సోమవారం ఆమె నింపుకునేది. కానీ పెట్రోలు మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. నెవ్యానాకు కోపం రావలసింది, రాలేదు. పైగా ప్రాణం తేలికపడింది. అతనికీ నచ్చింది కదా, ఇక తను చేసింది అంత తప్పు కాదేమో అనుకుంది. తన సంతోషానికి అతని సంతోషం పూచీ ఉన్నట్టు.

నవంబరు రెండో వారంలో, కనుమ మీద ఏడో మలుపులో, కారు వెనకాల నీలంగా పొగ లేచింది. ఈల పోయి లోహం గీసుకున్నట్టు చప్పుడు. ఎంత అదిమినా బండి లాగలేదు. నెవ్యానా దాన్ని అంచుకు చేర్చి, చలిలో గంటసేపు నిలబడి, చెడిన కార్లు మోసే లారీ మీద గాబ్రోవోకు తెచ్చింది.

“టర్బో పోయింది” అన్నాడు మెకానిక్ గెంచో, సాయంత్రం ఫోనులో. “కొత్తది వెయ్యాలక్కా. రెండు వేల ఎనిమిది వందల లెవా అవుతుంది.”

దోబ్రి ఆ అంకె విని కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను ముందే చెప్పానా లేదా? కొండ మీద ఆడదానికి పందాలేంటి? తొక్కి తొక్కి చంపావు. ఎవడికో తుక్కు కింద ఇచ్చేసి, వచ్చిన దాంతో కప్పన్నా వేయించు.”

అతను చెప్పింది ఆమె నమ్మింది. పడుకున్నా, లేచినా, లారీలను దాటిన ప్రతి సందర్భమూ గుర్తొచ్చింది. ఒక మేకల మంద రోడ్డు దాటేదాకా ఆగి, ఆ తర్వాత అవసరం లేకపోయినా కాలు నేలకు ఆనేదాకా అదిమిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఎంత బాగుండిందో కూడా గుర్తొచ్చి, అందుకే ఈ శిక్ష అనిపించింది.

మర్నాడు సెలవు పెట్టి గెంచో షెడ్డుకు వెళ్లి అతను అడక్కుండానే అంతా చెప్పేసింది. “తప్పంతా నాదే గెంచో. మలుపుల్లో బాగా తొక్కుతాను. ఖర్చు మిగుల్తుందని ఒకసారి నూనె కూడా వారం ఆలస్యంగా మార్పించాను.”

గెంచో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. “పొద్దున స్టార్టు చెయ్యగానే తొక్కుతావా అక్కా?”

“లేదు. ఊరు దాటేదాకా నెమ్మదిగానే పోతాను. ఇంజను వేడెక్కాలి కదా.”

“ఆపేటప్పుడు?”

“రెండు నిమిషాలు ఆగుతాను. ఒక్కోసారి మూడు.”

“మరి ఇదేంటి?” అని అతను చిన్న తెర ఒకటి ఆమె వైపు తిప్పాడు. కారును ఇదివరకు వాడినవాడు ఇంజనుకు ఒక రికార్డరు బిగించాడట. ఎప్పుడు ఎంత వేగంగా తిరిగింది, నూనె ఎంత వేడి మీద ఉంది, అన్నీ తారీఖుతో సహా అందులో ఉంటాయి. “రోజూ కొండ ఎక్కావు, దిగావు. అందులో తప్పేం లేదు, అందుకోసం చేసిన బండే ఇది. ఈ ఆదివారాలు చూడు. చల్లటి నూనెతో, స్టార్టు చేసిన నిమిషానికే చివరిదాకా తొక్కారు. ఒక్క మూడో తారీఖునే తొమ్మిదిసార్లు. వేడి మీద ఉండగానే టక్కున ఆపేశారు. దీనికి ఏ టర్బో తట్టుకుంటుంది?”

మూడో తారీఖు. ఆ ఆదివారం ఆమె పొద్దుటి నుంచీ నేలమాళిగలో మోకాళ్ల మీద ఉండి, అరవై కిలోల క్యాబేజీ పీపాలో ఊరవేసింది. ఉప్పునీళ్లకు వేళ్లు పగిలాయి.

ఇంటికి వెళ్లేసరికి దోబ్రి భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆమె కోటు విప్పకుండానే, గొంతు పెంచకుండానే చెప్పింది, రికార్డరు సంగతి, ఆదివారాల సంగతి, తొమ్మిదిసార్ల సంగతి. అతను చెంచా కింద పెట్టాడు.

“అయితే నువ్వు నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. “అలాంటి బండిని వేడెక్కించాలి, చల్లార్చాలి అని నాకేం తెలుసు? తెలిసినదానివి నువ్వు. తాళాలిచ్చేటప్పుడు చెప్పాలా వద్దా?”

“సారీ” అంది నెవ్యానా.

అనుకుని అన్నమాట కాదు. పీపా మూతలా దానంతటదే ఊడి బయటికొచ్చింది. అతను “సర్లే” అని మళ్లీ చెంచా అందుకున్నాడు. ఆమె ఇంకొంచెం సూపు వడ్డించింది కూడా. వడ్డిస్తూ ఉండగా తన చేతిని తానే చూసింది. తాళాలు తను ఇవ్వలేదు, అతనే కొక్కెం మీంచి తీసుకున్నాడు. అయినా సారీ తనే చెప్పింది. ఈ ఇంట్లో ఇలాంటివి ఎన్ని చెప్పి ఉంటుంది? పాలు పొంగితే, వాన పడితే, అతని బటను ఊడితే, అతను వినకపోతే. లెక్కపెట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు.

తెల్లవారి గెంచోకు ఫోను చేసి కొత్త టర్బో వెయ్యమంది. తోట డబ్బులో పంటి కోసమని మిగిల్చినదంతా దానికే పోయింది. పది రోజులు మినీబస్సులో కనుమ దాటింది. కిటికీ పక్కన కూర్చుని తప్పొప్పులు బేరీజు వేసుకుంది. కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఆ డబ్బుతో కనీసం ఆ మూలకు పెంకులు పడేవి. తను స్వార్థపరురాలే కావచ్చు. మంచి కోడలు, మంచి ఆడది ఇలా చెయ్యదేమో. ఎంత ఆలోచించినా తప్పు చేశానన్న ఆ నొప్పి పోలేదు. అది పోయాకే కారు తెచ్చుకుందామనుకుంటే ఈ జన్మకు తెచ్చుకోలేనని పదో రోజు బస్సులో అర్థమైంది. గెంచో దగ్గరికి వెళ్లి, అపరాధిలా మొహం పెట్టుకునే, కారు తెచ్చుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే దోబ్రి చేపల గాలం భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. పెంకా కిటికీ దగ్గర చిక్కుళ్లు ఏరుతోంది.

“తాళాలు కొక్కెం మీద లేవేం?”

“నా దగ్గరున్నాయి.”

“ఇటివ్వు. ఈసారి వేడెక్కించే నడుపుతాలే. నేర్చుకున్నాగా.”

నెవ్యానా నోటిదాకా మళ్లీ ‘సారీ’ అన్న మాటే వచ్చింది. ఇవ్వనందుకు, ఇవ్వాలనిపించనందుకు, ఇలా నిలబడినందుకు. పళ్లు బిగించి దాన్ని అక్కడే ఆపింది. పెంకా చేతిలో చిక్కుళ్లు ఆగాయి. ముసలావిడ తల ఎత్తలేదు గానీ, వింటోంది.

“దోబ్రీ, ఆ రోజు సూపు తాగుతుంటే నీకు సారీ చెప్పాను కదా” అంది నెవ్యానా. “అది వెనక్కి తీసుకుంటున్నాను.”