ముఖచిత్రానికి ఒక తూనీగ

పళ్ళ క్లినిక్‌లో అందరూ ఆమెను భూతద్దం అని పిలిచేవారు. వచ్చిన ప్రతి మనిషి నోటినీ దగ్గర్నుంచి ఫొటో తీయడం ఆమె పని. పిప్పిపన్నులో ఆవగింజంత నలుపున్నా ఆమె కెమెరాకు చిక్కాల్సిందే. పదకొండేళ్ళుగా అదే పని. అందుకే పిల్లల సైన్సు పుస్తకం వేస్తున్న బావ, అట్ట మీదికి తూనీగ ఫొటో కావాలని ఫోన్ చేసినప్పుడు తేలిగ్గా తీసుకుంది.

"పన్ను కంటే పెద్దదే కదా బావా. ఆదివారం తీసి పంపేస్తాను."

"పది రోజుల్లో అచ్చుకి పోవాలి మరదలా. మొహం స్పష్టంగా ఉండాలి, నాలుగు రెక్కలూ ఈనెలతో సహా కనపడాలి. అంతే."

ఆ "అంతే" ఆమెను వారం రోజులు కాల్చుకు తింది.

ఊరి చివర ఇటుకల బట్టీ మూతపడ్డాక మట్టి తవ్విన గుంటలో వాననీళ్ళు నిలిచి జమ్ము పెరిగింది. అక్కడ తూనీగలు బోలెడు. ఆదివారం నాలుగు గంటల పాటు ఎండలో మోకాళ్ళ మీద పాకింది. పన్ను కదలదు. పన్ను గల మనిషి కదిలితే గడ్డం పట్టుకుని ఆపొచ్చు. తూనీగ దగ్గర ఆ ఆటలేవీ సాగలేదు. ముందుకి పోతుంది, పక్కకి పోతుంది, వెనక్కి కూడా పోతుంది, గాల్లో ఆగి చూస్తుంది. తలంతా కళ్ళే కాబట్టి వెనకనుంచి వెళ్ళినా పసిగడుతుంది. లెన్సు జానెడు దూరానికి చేరేసరికి తుర్రుమంటుంది.

ఎర్రటి తూనీగ ఒకటి ఎంత తిరిగినా మళ్ళీ ఒకే పుల్ల మీదికి వస్తోందని ఆమె కనిపెట్టింది. ఆ పుల్ల కొసకి ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. అది వచ్చింది. వచ్చి నేరుగా కెమెరా మీద వాలింది.

"అక్కడ కాదే తల్లీ!" అంది పళ్ళు నూరుతూ. తూనీగ హాయిగా రెక్కలు చాపుకుని ఎండ కాచుకుంది.

రెండొందల పైచిలుకు ఫొటోల్లో మూడు ఏరి పంపింది. సాయంత్రానికి బావ ఫోన్.

"మొదటిదాంట్లో కళ్ళు బ్రహ్మాండం, రెక్కలు మసక. రెండోదాంట్లో రెక్కలు బ్రహ్మాండం, మొహం మసక. మూడోది అసలు మనకి కావలసిందే కాదట. రెక్కలు వీపు మీద మడుచుకుని కూర్చుంది కదా, అది సూదితూనీగ అని మేడం అన్నారు."

మేడం అంటే కాలేజీలో పురుగుల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దావిడ. పుస్తకంలో తప్పులు పట్టే పని ఆవిడది.

"అంత దగ్గర్నుంచి తీస్తే గోరు మందం మేరే స్పష్టంగా వస్తుంది బావా! కళ్ళకి పెడితే రెక్కలు పోతాయి, రెక్కలకి పెడితే కళ్ళు పోతాయి."

"మరి పళ్ళు అన్నీ వస్తున్నాయిగా?"

"పళ్ళు ఎగరవు!" అని ఫోన్ పెట్టేసింది.

బుధవారం దాకా పనికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట ఆ గుంట దగ్గరే గడిపింది. ఒకరోజు గాలి, ఒకరోజు మబ్బు. ఆమె మొహం చూసి డాక్టరుగారే అడిగారు. విషయం చెప్పింది.

"ఓస్, అంతేనా? పట్టుకుని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు. చలికి బిగుసుకుపోతుంది. తీరిగ్గా తీసుకో."

ఆమెకు మనసొప్పలేదు. అయినా గడువు దగ్గర పడుతోంది. గురువారం ఒకదాన్ని వలతో పట్టి, డబ్బాలో వేసి క్లినిక్ ఫ్రిజ్‌లో పెట్టింది. పావుగంట తర్వాత ఒక కొమ్మ మీద కూర్చోబెడితే బొమ్మలా కూర్చుంది. ఫోకస్ రవ్వంత రవ్వంత జరుపుతూ వరసగా ముప్పై ఫొటోలు తీసింది. ఆ తర్వాత దాని ఒళ్ళు వేడెక్కింది. రెక్కలు గజగజ వణికించి, లేచి, పక్కగదిలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దమనిషి మొహం మీదుగా లైటుకి కొట్టుకుంది. ఆయన కేకకి వరండాలో కూర్చున్న ఇద్దరు లేచి ఇంటికి వెళ్ళిపోయారు. కిటికీలన్నీ తెరిచి దాన్ని బయటికి పంపేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

ముప్పై ఫొటోలూ కలిపి ఒకటిగా చేస్తే కంటి నుంచి తోక దాకా అంతా స్పష్టంగా వచ్చింది. బావ ఎగిరి గంతేశాడు. గంట తిరక్కుండా గొంతు తగ్గించి మళ్ళీ ఫోన్ చేశాడు.

"మేడం వద్దన్నారు. ఆ కాళ్ళ తీరు చూస్తే అది తనంతట తాను కూర్చున్నది కాదట. 'స్పృహ లేనిదాన్ని పిల్లలకి చూపిస్తారా' అన్నారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కోపం మేడం మీదో, డాక్టరు మీదో, తన మీదో తేలలేదు.

"నీళ్ళలోంచి అప్పుడే బయటికొచ్చేదాన్ని తీయమన్నారు," అన్నాడు బావ. "రెక్కలు ఆరేదాకా అది ఎక్కడికీ పోదట. తెల్లారేసరికి వెళ్ళమన్నారు."

శనివారం తెల్లారకముందే ఆమె జమ్ము మధ్య, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. వెలుగు రాగానే కనిపించింది. మట్టిరంగు పురుగు ఒకటి నీళ్ళలోంచి జమ్ము కాడ పట్టుకుని పాకి వచ్చి ఆగింది. వీపు చిట్లింది. లోపలినుంచి లేత ఆకుపచ్చ తల, తర్వాత ఛాతీ బయటపడ్డాయి. అది తలకిందులుగా వేలాడి కాసేపు చచ్చినట్టే ఉండిపోయింది. ఉన్నట్టుండి లేచి తోక లాక్కుంది. నలిగిన గుడ్డపేలికల్లాంటి రెక్కలు మెల్లగా సాగాయి.

సాగాయి గానీ విచ్చుకోలేదు. వీపు మీద అంటుకుని ఉన్నాయి. అలా పంపితే మళ్ళీ సూదితూనీగ అంటారు. గంట గడిచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. మెడ మీద దోమ కుడుతున్నా చెయ్యెత్తలేదు. క్లినిక్ నుంచి ఫోన్ మోగితే ఆపేసింది. గంటన్నర దాటాక ఒక్క కుదుపుతో నాలుగు రెక్కలూ విచ్చుకున్నాయి. గాజులా మెరిశాయి. ఆమె స్టాండును రవ్వంత పక్కకి జరిపి, రెక్కలకి సమంగా లెన్సు తిప్పి, బటన్ మీద వేలు పెట్టింది.

ఒక చిన్న పిట్ట వచ్చి తూనీగను ముక్కున కరుచుకుపోయింది.

ఫొటోలో పిట్ట తోక మాత్రం పడింది, అదీ మసగ్గా. ఆమె నీళ్ళలో నిలబడి, పిల్లలు పక్కనుంటే చెవులు మూయాల్సిన మాటలు రెండు అంది. తర్వాత ఏడుపొచ్చింది. కాడ మీద ఖాళీ పొట్టు అలాగే వేలాడుతోంది. కసికొద్దీ దాన్నే తీసింది. అది కదల్లేదు. పన్నులాగే బుద్ధిగా ఉంది.

బావకు అది నచ్చలేదు. "అట్ట మీద ఖాళీ పొట్టు వేస్తే పిల్లలు జడుసుకుంటారే. లోపల ఎక్కడైనా వేస్తాం. అట్టకి వేరేవాళ్ళ ఫొటో తీసుకున్నాం."

"ఇంకో వారం ఆగలేరా?"

"ఆగలేం మరదలా."

సోమవారం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మేడం.

"ఆ పొట్టు ఫొటో నీదేనా అమ్మా? చిట్లినచోట తెల్లటి దారాలు వేలాడుతున్నాయి చూశావా? ఊపిరి గొట్టాల లోపలి పొర అది. ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీశాను. ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. అసలు తూనీగ ఏమైంది?"

"పిట్ట తినేసింది మేడం," అంది భూతద్దం. ఆ మాట అనగానే లోపల ఉన్నదంతా కట్ట తెగింది. గాలి, మబ్బు, ఫ్రిజ్, అన్నీ చెప్పేసింది. "మీరు కూడా అన్నీ వద్దన్నారు," అని చివర్న నిష్ఠూరం కూడా ఆడింది.

"నిజమే, అన్నాను," అంది మేడం. "ఈ ఆదివారం నేనూ వస్తాను. పిట్టల్ని నేను తోలతాను. నువ్వు తియ్యి."

ఆదివారం తెల్లవారుజామున గొడుగు పట్టుకుని వచ్చింది మేడం. ఇద్దరూ జమ్ము పక్కన బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నారు. చలిగా ఉంది, మబ్బు పట్టింది. ఎనిమిదయినా నీళ్ళలోంచి ఒక్కటీ పైకి రాలేదు.

"ఇవాళ ఇక రావు," అంది మేడం లేస్తూ.

భూతద్దం విసురుగా కెమెరా సంచి జిప్పు లాగింది. "మరి రేపు?"

"రేపు ఎండ కాస్తే చూద్దాం. నాకు పనేముంది?"