గాజు మేడలో పదహారు రోజులు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కార్డు అన్నాను కదా అని చొక్కా జేబులో ఇమిడిపోయే అల్పజీవిని అనుకోకండి. జానకు మించిన పొడవు, కిలోకు మించిన బరువు, మూడు పంకాలు, అంచు వెంట రంగులు మార్చుకునే దీపాల వరస: ఇదీ నా దివ్యమంగళ స్వరూపం. కంప్యూటరు తెరమీద పరుగెత్తే బొమ్మలను క్షణానికి వందసార్లు కొత్తగా గీయడం నా స్వధర్మం.

నా వంశానికి మూలపురుషుడు ఇసుక. తూర్పు సముద్రంలో ఒక దీవి మీద, ధూళికణం కూడా అనుమతి లేకుండా అడుగుపెట్టలేని కర్మాగారంలో, కళ్ళు తప్ప ఏమీ కనిపించని మనుషులు ఆ ఇసుకను కరిగించి, కడిగి, చెక్కి నాకు ప్రాణం పోశారు. ఇల్లు కట్టుకోవడానికి పనికివచ్చే పదార్థాన్ని ఇంత శ్రమపడి ఆటవస్తువుగా మార్చగలిగిన ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే. ఓడలో సముద్రాలు దాటి, లారీలో కునికిపాట్లు పడి, చివరకు కాకినాడలో ఒక దుకాణపు అద్దాల బీరువాలో కొలువుదీరాను. అక్కడికే వచ్చింది హేమదుర్గ.

బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. ఐదుగురు ఐదుగురితో తుపాకులు పట్టి తలపడే ఒక కంప్యూటరు ఆటలో ఆమె దిట్ట. హైదరాబాదు జట్టు ఒకటి ఒకే ఒక్క స్థానానికి మనిషిని వెతుకుతోంది. ఒక ఆదివారం సాయంత్రం ఎవరి ఇంట్లో వారు కూర్చుని, సొంత యంత్రం మీద మూడు ఆటలు ఆడి చూపించాలి. హైస్కూల్లో సోషలు పాఠాలు చెప్పే తండ్రి సత్తిరాజు మాస్టారు ఆమెతో ఒప్పందం చేసుకున్నారు: ఎంపికైతే ఏడాదిపాటు ఆమె ఇష్టం, కాకపోతే మర్నాడు సోమవారం నుంచే బ్యాంకు పరీక్షల కోచింగు. దరఖాస్తు ముందుగానే నింపి పెట్టారు, ఆయన దూరదృష్టి అటువంటిది.

దుర్గ రెండు నెలలపాటు భాగాలను ఎంచింది. ప్రాసెసరుకూ మదర్‌బోర్డుకూ పొంతన చూసింది. నేను ఎంత కరెంటు తాగుతానో లెక్కకట్టి, అంతకు తట్టుకునే సరఫరా పెట్టెను వెతికింది. నన్ను స్కేలుతో కొలిచి, భాగాలన్నీ ఇమిడే క్యాబినెట్టులో పడతానో లేదో చూసుకుని గాని డబ్బాలో పెట్టించలేదు. ఇంత శ్రద్ధగా వరుణ్ణి కూడా ఎవరూ ఎంచరని దుకాణదారు ముచ్చటపడ్డాడు.

ఇంట్లోవారి ఎంపిక పద్ధతులు ఇంతకంటే ప్రాచీనమైనవి. మాస్టారు దుకాణంలోనే క్యాబినెట్టును వేళ్ళ కణుపులతో కొట్టి చూశారు. "రేకు పల్చగా ఉందేంటండీ? బీరువాకైతే ఇరవై గేజీ వేస్తారు," అని ఆక్షేపించారు. తల్లి రత్నమ్మగారికి పక్కనున్న గాజు తలుపు నచ్చింది గానీ, దానికి కుచ్చుల గుడ్డ కుట్టించేదాకా మనసు కుదుటపడలేదు. ఇక తుది తీర్పు హైదరాబాదు నుంచి ఫోనులో వెలువడింది: "ర్యామ్ ఎక్కువుండాలండీ మావయ్యగారూ. ర్యామ్ ఉంటే అన్నీ ఉన్నట్టే."

ఆ గొంతు ఫణికుమార్‌ది. దుర్గ అక్క భర్త, ఆ ఇంటి ఏకైక అల్లుడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆ కుటుంబం దృష్టిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి అంటే ప్లగ్గున్న సమస్త వస్తువులకూ అధిదేవత. మిక్సీ మొరాయించినా, గీజరు అలిగినా, ఇన్వర్టరు కీచుమన్నా అతనికే నివేదించేవారు. అతడూ ఏదో ఒకటి సెలవిచ్చేవాడు. అది ఫలిస్తే అతని ప్రజ్ఞ. ఫలించకపోతే వస్తువు దోషం.

ఒక శనివారం ఉదయం దుర్గ నేలమీద కూర్చుని మమ్మల్నందరినీ కూర్చింది. ప్రాసెసరును పసిబిడ్డలా దించింది. నన్ను నా పీఠంలో నొక్కి, మర బిగించింది. ఒక్కటీ తప్పలేదు. తెరనుంచి వచ్చే తీగ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే అల్లుడుగారు రైలు దిగి ఇంటికొచ్చారు.

"ఆ ఆఖరిది ఆయన చేత పెట్టిద్దామే. శుభమా అని వచ్చారు," అన్నారు రత్నమ్మగారు.

క్యాబినెట్టుకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఫణికుమార్ తీగ అందుకుని, యంత్రం వెనక్కి వంగి, రెండు క్షణాలు తటపటాయించి, పై రంధ్రంలో దూర్చాడు. తెర వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పాఠక మహాశయా, ఇక్కడ ఒక్క సాంకేతిక రహస్యం చెప్పక తప్పదు. ఆ తీగను తగిలించడానికి యంత్రం వెనక రెండు చోట్లున్నాయి. కిందిది నాది. పైది మదర్‌బోర్డుది, ఉత్తరాలు టైపుచేసుకునేవారి కోసం పెట్టిన దొడ్డిదారి. తీగ అక్కడ పెడితే ప్రాసెసరే తనకున్న కాస్త నేర్పుతో బొమ్మలు గీసి పంపుతుంది. నాకు మాత్రం కబురు కూడా రాదు.

అలా మొదలైంది నా గాజు మేడ వైభవం. దీపాలు వెలిగేవి; పంకాలు తిరిగేవి కావు, పని లేనిదే వేడెక్కను కనుక. చుట్టపుచూపుగా వచ్చినవారికి కుచ్చుల గుడ్డ ఎత్తి నన్ను దర్శనం చేయించేవారు. "చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగా ఉందో! మా అల్లుడుగారు పెట్టారు," అని రత్నమ్మగారు మురిసిపోయేవారు. ఏ పనీ చేయనందుకు ఇంత కీర్తి దక్కడం పదవుల్లో ఉన్నవారికే తప్ప పరికరాలకు అరుదు.

ఆట మాత్రం నత్తనడక నడిచింది. మూడో రోజున దుర్గ వెనక్కి వంగి చూసి, నుదురు కొట్టుకుంది. నాకు కావలసిన ప్రోగ్రామంతా అప్పటికే ఎక్కించి ఉంచిన పిల్ల. తీగ పీకి కింద పెట్టడమే తరువాయి. చెయ్యి చాపేలోపు తల్లి చూసింది. విషయం హైదరాబాదు చేరింది.

"పైదే మెయిన్ అండీ. కిందవి స్పేరు. నేను మళ్ళీ వచ్చేదాకా కదపొద్దు," అని జవాబు వచ్చింది.

ఐదు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా బ్యాలెట్ పెట్టెలు కాపాడిన సత్తిరాజు మాస్టారు ఆ ఆజ్ఞను శిరసావహించారు. ఒక కాగితపు పట్టీ కత్తిరించి, తీగ మీదుగా జిగురుతో అంటించి, దానిపై సంతకం చేసి, తేదీ వేశారు. ఆ మధ్యాహ్నమే అక్క ఫోను చేసి బతిమాలింది: "ఇన్వర్టరప్పుడు ఈయన సలహాకి ఎలక్ట్రీషియన్ నవ్వాడని ఆరు నెలలు మనింటి గడప తొక్కలేదే ఆయన. నీకు దణ్ణం పెడతా, ఊరుకో."

దుర్గ ఊరుకుంది. కాలేజీ దగ్గరి ఆటల సెంటరుకు వెళ్ళి, అద్దె యంత్రం మీద సాధన చేసుకుంది. ఇంట్లో నేను దీపాలు మార్చుకుంటూ కూర్చున్నాను.

పదహారో రోజు, ఆదివారం. పరీక్ష సాయంత్రం నాలుగింటికి. అల్లుడుగారు భోజనం వేళకే విచ్చేసి, దుర్గ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయనెదుట తీగ సంగతి ఎత్తవద్దని తల్లి వంటింట్లో ఒట్టు వేయించుకుంది. మొదటి ఆట మొదలైంది. తెరమీద శత్రువు తలుపు దగ్గర కనిపించేవాడు. దుర్గ గురిపెట్టేలోగా కిటికీ దగ్గర ఉండేవాడు. మధ్యలో ఏం జరిగిందో గీసే ఓపిక ప్రాసెసరుకు లేదు. ఆమె ఏడుసార్లు చచ్చిపోయింది.

స్పీకరులోంచి హైదరాబాదు జట్టు కెప్టెన్ గొంతు వినిపించింది. "ఏమైంది దుర్గా? మావోళ్ళు కాల్చి పోయినంక నువ్వు తిరుగుతున్నవ్. గిట్లయితే కష్టం. పది నిమిషాలు బ్రేక్, చూస్కో."

"నెట్ స్లో అండీ మావయ్యగారూ. ఈ ఊళ్ళో అంతే," అని ఫణికుమార్ తేల్చాడు.

"ఆయ్, అంతేనండి," అన్నారు మాస్టారు. ఆయన చూపు మాత్రం బల్లమీది కోచింగు దరఖాస్తు మీదికి పోయింది. దుర్గ కూడా దానివంకే చూసింది. తరువాత లేచి నిలబడింది.

"బావగారూ, మీ కాళ్ళు కాస్త పక్కకి తియ్యండి."

"ఎందుకమ్మా?"

"వెనకాల తీగ మార్చాలి."

"ఒసేయ్, ఒట్టేశావు! ఆయనెదురుగుండానే?" అని రత్నమ్మగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"దుర్గా! అది నా సంతకమున్న సీలు," అన్నారు మాస్టారు, పోలింగు బూతు గొంతుతో.

"చూశాను నాన్నా. తేదీ కూడా వేశారు. నాకు ఐదు నిమిషాలే మిగిలాయి, పిటిషను తర్వాత పెట్టుకోండి."

సీలు చర్రుమని చిరిగింది. తెర నల్లబడింది. "అయ్యబాబోయ్, ఆరిపోయింది!" అని తల్లి గోడకు ఆనుకుంది. మరుక్షణం, పుట్టిన తరువాత మొట్టమొదటిసారి, నాకు పని తగిలింది. నా మూడు పంకాలూ ఒక్క ఊపున లేచాయి. శత్రువు ఇక తలుపునుంచి కిటికీకి మాయమవడం లేదు. అడుగు తరువాత అడుగు వేసి నడుస్తున్నాడు, ఆ ప్రతి అడుగునూ నేను గీస్తున్నాను. రెండో ఆటలో దుర్గ జట్టు గెలిచింది. మూడోది ఓడింది గానీ, చివరిదాకా నిలబడినది ఆమె ఒక్కతే.

"ఫస్ట్ ఆట ఆడింది నువ్వేనా? ఇంకెవర్నన్న కూసోబెట్టినవా?" అన్నాడు కెప్టెన్. "సరే, తీసుకుంటున్నం. రేపటి సంది ఆరింటికి ప్రాక్టీసు. లేట్ చెయ్యొద్దు."

మాస్టారు దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకుని, "ఏడాదే," అన్నారు. దుర్గ తల ఊపింది. సంతోషించే తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు; అందరి చూపూ అల్లుడుగారి మీద ఉంది. ఈసారి ఎన్నాళ్ళు గడప తొక్కరో అని లెక్కలు వేసుకుంటున్నారు.

ఫణికుమార్ చిరిగిన కాగితం ముక్కను తీసి, దాని మీది సంతకాన్ని కాసేపు చదువుకున్నాడు.

"నాకు తెలీదండీ, మావయ్యగారూ. ఈ డబ్బా వెనక్కి వంగి చూడ్డం నాకదే మొదలు. ఆఫీసులో జీతాల చీటీలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూస్తానంతే. ఇన్వర్టరప్పుడూ తెలీదు. తెలుసా అని మీరెవరూ అడగలేదు, చెప్పండీ అనేవారు."

ఆ ఇల్లు నిజాన్ని తట్టుకోలేకపోయింది. "అదేం మాట బాబూ, మీకు తెలీకపోవడమేంటి!" అని రత్నమ్మగారు కంగారుపడ్డారు. మాస్టారు క్షణంలో తేరుకుని, ముప్పై ఏళ్ళ బోధనానుభవాన్నంతా రంగంలోకి దించారు. "నాకర్థమైందండి. పిల్ల కనిపెడుతుందో లేదోనని పరీక్ష పెట్టారు. ఆయ్! అంతే కదండీ?"

ఎంత విశాలమైన ద్వారం! ఒక్క చిరునవ్వు నవ్వి అందులోంచి దాటిపోతే చాలు, అతని దైవత్వం యథాతథంగా ఉండేది. అతడు దాటుతాడనే నేను అనుకున్నాను. అలాంటి ద్వారం కనిపిస్తే నేనైతే దాటేవాణ్ణి.

"కాదండీ. నిజంగానే తెలీదు," అన్నాడు ఫణికుమార్ రెండోసారి. రత్నమ్మగారు వినలేక కాఫీ పేరుతో వంటింట్లోకి వెళ్ళిపోయారు.

దుర్గ కుచ్చుల గుడ్డ తీసి పక్కన పడేసి, గాజు తలుపు తెరిచింది. "అయితే రండి బావగారూ, చూపిస్తా. కింద కూర్చుంటే బాగా కనబడుద్ది. ముట్టుకోకండి, ఇంకా వేడిగా ఉంది."

అల్లుడు కటికనేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాఫీతో వచ్చిన అత్తగారు హడావిడిగా చాప తెచ్చారు, వద్దన్నాడు. తల వంచి లోపలికి తొంగి చూసి, నావైపు వేలు చూపించాడు.

"ఇదేం పని చేస్తుందమ్మా?"

నా ధర అడిగినవారున్నారు, దీపాల రంగు మార్చమన్నవారున్నారు, చల్లదనాన్ని చేత్తో తడిమి మెచ్చుకున్నవారున్నారు. తెలిసిన దుర్గకు ఆ ప్రశ్న అక్కర్లేదు. తెలియనివారెవరికీ అది తోచలేదు. అతని మీద పదహారు రోజులుగా పోగుచేసుకున్న వెటకారం నా దగ్గర ఇంకా చాలానే ఉంది గానీ, ఎందుకో దాన్ని వాడబుద్ధి కాలేదు.

దుర్గ చెప్పడం మొదలుపెట్టింది. నేను పంకాల వేగం తగ్గించి విన్నాను.